రేవులో ఆగిన ఓడకు కరెంటు

రండర్రా, ఇలా దగ్గరగా కూర్చోండి. ఇవాళ ఓడల కబురు చెప్పుకుందాం.

సముద్రం మీద పోతున్న ఓడలో ఇంజను నడుస్తుందని మీకు తెలుసు. మరి రేవుకొచ్చి, బెర్తుకు, అంటే ఓడ ఆగే చోటుకు, తాళ్ళతో కట్టేశాక ఏం చేస్తారు?

"ఆపేస్తారు తాతయ్యా!" అంది మా చిన్నది ఠక్కున.

సగం సరిగ్గానే చెప్పింది. ఓడను ముందుకు తోసే పెద్ద ఇంజనును ఆపేస్తారు. కానీ దానికి తోడుగా ఇంకో మూడు నాలుగు చిన్న ఇంజన్లుంటాయి. అవి ప్రొపెల్లర్ జోలికి పోవు, కరెంటు మాత్రం పుట్టిస్తాయి. వాటిలో ఒకటో రెండో ఓడ రేవులో ఉన్నంతసేపూ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఓడ కదలకుండా నిలబడ్డా పొగగొట్టంలోంచి పొగ వస్తూనే ఉండేది అందుకే.

కరెంటు లేకపోతే ఓడలో ఒక్క పూట గడవదు. ఇరవై పాతికమంది సిబ్బందికి లైట్లు, వంట, మంచినీళ్ళు కావాలి. సరుకు దించేకొద్దీ ఓడ ఒక పక్కకు ఒరిగిపోకుండా అడుగు తొట్లలోకి సముద్రపు నీళ్ళు తోడే పంపులు తిరగాలి. అన్నిటికంటే ముఖ్యం చల్లటి కంటెయినర్లు. భీమవరం, నెల్లూరు చెరువుల్లో పెరిగిన రొయ్యలు అమెరికా చేరేది ఆ పెట్టెల్లోనే. వాటికి కరెంటు ఆగితే సరుకు సరుకంతా పాడవుతుంది. అందుకే కంటెయినర్ ఓడ ఊరికే నిలబడినా ఒకటి రెండు మెగావాట్లు లాగుతుంది. వేలమంది ఎక్కే ప్రయాణికుల ఓడయితే పది మెగావాట్ల దాకా పోతుంది.

ఆ కరెంటు పుట్టించడానికి కాల్చే నూనె సంగతి చూడండి. 2020 జనవరి 1కి ముందు ఓడల నూనెలో గంధకం నూటికి 3.5 పాళ్ళ దాకా ఉన్నా అడిగేవాళ్ళు లేరు. అంతర్జాతీయ నౌకా సంస్థ ఆ రోజు నుంచి దాన్ని 0.5కి తగ్గించింది. మంచి పనే. అయితే అదే ఏడాది ఏప్రిల్‌లో మన రోడ్ల మీదకి బీఎస్-6 డీజిల్ వచ్చింది. అందులో గంధకం పది లక్షల పాళ్ళకు 10 మించకూడదు. ఓడ నూనెలో పది లక్షలకు 5,000 దాకా ఉండొచ్చు. అంటే మన లారీకి ఒప్పుకునే గంధకానికి 500 రెట్లు ఓడకు ఒప్పుకుంటున్నాం! ఆ ఓడ ఉండేదేమో నడిసముద్రంలో కాదు, ఊరి నడిబొడ్డున.

రేవు ఒడ్డున బతికేవాళ్ళు ఎన్నాళ్ళని ఊరుకుంటారు? అమెరికాలో లాస్ ఏంజెలెస్ రేవు పక్కన శాన్ పెడ్రో అని ఒక పేట ఉంది. 1998లో కాలిఫోర్నియా ప్రభుత్వం డీజిల్ మసి విషపూరితమని తేల్చింది. 2001లో అక్కడ చైనా షిప్పింగ్ కంపెనీ కోసం కొత్త టెర్మినల్ కడుతుంటే, ఆ పేట ఇళ్ళవాళ్ళు పర్యావరణ సంఘాలతో కలిసి కోర్టుకెళ్ళారు. కోర్టు పనులు ఆపించింది. 2003లో రాజీ కుదిరింది. గాలి బాగుచేసే పనులకు 5 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టడానికి, అక్కడికొచ్చే ఓడలకు ఒడ్డు నుంచే కరెంటివ్వడానికి రేవువాళ్ళు ఒప్పుకున్నారు. 2004లో ఆ టెర్మినల్‌లో కంటెయినర్ ఓడ తన ఇంజన్లు ఆపేసి ఒడ్డు కరెంటు పుచ్చుకుంది. ప్రపంచంలో ఏ కంటెయినర్ టెర్మినల్‌లోనూ అంతకుముందు అలా జరగలేదు.

అప్పటికే ఈ పని వేరే రకం ఓడలతో మొదలైంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2000లో, బండ్లు నేరుగా ఎక్కి దిగే సరుకు ఓడలకు, అలాస్కాలోని జూనోలో 2001లో ప్రయాణికుల ఓడలకు ఒడ్డు కరెంటు ఇచ్చారు. కానీ శాన్ పెడ్రో కథ నాకు ఎక్కువ ఇష్టం. అక్కడ ఈ మార్పును తెచ్చింది ఆ గాలి పీల్చేవాళ్ళే.

మా పెద్దాడు ఇంజనీరింగులో చేరాడు. వాడికి వెంటనే అనుమానం వచ్చింది. "ఇందులో పెద్ద విశేషమేముంది తాతయ్యా? ప్లగ్గు పెట్టి స్విచ్చేస్తే సరిపోదా?"

సరిపోదురా. ఓడకు ఇచ్చే కరెంటు మామూలుగా 6,600 వోల్టులు, ఇంకా పెద్ద ఓడలకు 11,000. పైగా ఓడల్లో ఎక్కువ భాగం 60 హెర్ట్జ్ మీద పనిచేస్తాయి. మన దేశంలో, యూరప్‌లో వీధిలోకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్. 60కి చేసిన మోటారుకు 50 ఇస్తే అది ఆరు చుట్లు తిరగాల్సిన చోట ఐదే తిరుగుతుంది. పంపు నీళ్ళు తక్కువ తోడుతుంది, మోటారు వేడెక్కుతుంది. కాబట్టి రేవులో ఫ్రీక్వెన్సీ మార్చే కన్వర్టర్ పెట్టాలి. ఖర్చులో పెద్ద ముక్క అదే. అమెరికా కరెంటు 60 హెర్ట్జే కనుక వాళ్ళకు ఆ బాధ తప్పింది.

ఇక కలపడం. ఓడలో అప్పటికే జనరేటర్ తిరుగుతోంది. ఒడ్డు నుంచి ఇంకో కరెంటు వస్తోంది. రెండింటి వోల్టేజీ ఒకటిగా ఉండాలి, ఫ్రీక్వెన్సీ ఒకటిగా ఉండాలి, రెండు అలల శిఖరాలూ ఒకే క్షణాన పడాలి. అప్పుడే స్విచ్చు మూయాలి. ఆ తర్వాత బరువును మెల్లగా ఒడ్డు మీదకి జరిపి, జనరేటరును ఆపుతారు. బాగా చేస్తే ఓడలో లైటు రెప్పకూడా కొట్టదు. అలలు కలవకముందే కలిపితే ఝటకా తగిలి యంత్రాలు దెబ్బతింటాయి. ఏ దేశపు ఓడయినా ఏ దేశపు రేవులోనైనా తగిలించుకునేట్టు దీనికంతటికీ ఒక అంతర్జాతీయ ప్రమాణం కావాలి కదా, అది 2012లో వచ్చింది.

"సరే, ఓడ పొగ ఆగింది. మరి ఆ కరెంటు పుట్టేది సింహాద్రి థర్మల్ ప్లాంటులోనే కదా? పొగ విశాఖ రేవు నుంచి పరవాడకు మారింది, అంతేగా?" అన్నాడు పెద్దాడు మళ్ళీ.

మంచి ప్రశ్న, దాన్ని దాటేసి పోకూడదు. మన దేశపు కరెంటులో చాలా వాటా ఇప్పటికీ బొగ్గుదే. కాబట్టి ఒడ్డు కరెంటు ఇచ్చినంత మాత్రాన కర్బనం మాయమైపోదు. కానీ థర్మల్ ప్లాంటులో బూడిదను పట్టే యంత్రాలుంటాయి, పొగగొట్టం వందల అడుగుల ఎత్తున ఉంటుంది. ఓడ పొగగొట్టానికి ఆ రెండూ లేవు, ఊరి ముక్కు దగ్గరే వదులుతుంది. ఊరి ఊపిరికి లాభం మొదటి రోజు నుంచే మొదలవుతుంది. కర్బనం లెక్కలో లాభం మాత్రం గ్రిడ్డులోకి సూర్యుడూ గాలీ చేరేకొద్దీ పెరుగుతుంది. రెండూ ఒకటేనని చెప్పి అమ్మజూపడం నాకు నచ్చదు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది.

కాలిఫోర్నియా 2007లోనే నిబంధన చేసింది. 2014 నుంచి ఒక్కో కంపెనీ ఓడల రాకల్లో సగం ఒడ్డు కరెంటు మీద నిలబడాలి, 2020కల్లా నూటికి 80 అంది. తర్వాత దాన్ని ఇంకా బిగించి, 2023 నుంచి కంటెయినర్ ఓడలూ ప్రయాణికుల ఓడలూ ఇంచుమించు వచ్చిన ప్రతిసారీ పాటించాల్సిందే అంది. ఇంతలో 2020 ఆగస్టులో అక్కడ ఎండలు మండిపోయాయి. ఇళ్ళలో ఏసీలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. ఆగస్టు 14, 15 తేదీల్లో వంతులవారీగా కోతలు పెట్టాల్సొచ్చింది. 17న గవర్నర్ అత్యవసర ఉత్తర్వు ఇచ్చాడు. అందులో ఒక మాట ఏమిటంటే, ఆ కొద్దిరోజులూ ఓడలు ఒడ్డు కరెంటు తీసుకోనక్కర్లేదు, సొంత ఇంజన్లే నడుపుకోవచ్చు. 2022 సెప్టెంబరు ఎండలప్పుడూ మళ్ళీ అదే సడలింపు. ఎండకు గాలి కదలక ఊరు ఉక్కిరిబిక్కిరి అవుతున్న రోజుల్లోనే ఓడల పొగ తిరిగొచ్చింది.

ఆ ఉత్తర్వును నేను తప్పుపట్టను. ఆసుపత్రికా ఓడకా అంటే ఆసుపత్రికే ఇవ్వాలి. కానీ దాంతో ఒక సంగతి బయటపడింది. రేవులో డీజిలుతో నడిచేవన్నీ తీసేసి ఓడ, క్రేను, ట్రాక్టరు, లారీ అన్నిటినీ కరెంటు తీగకు కట్టేస్తే, ఆ తీగ తెగిన రోజున రేవు మొత్తం నిలబడిపోతుంది. వెనకటి రోజుల్లో కరెంటు పోయినా డీజిల్ బండ్లు తిరిగేవి. అందుకే రేవుకు కరెంటు పెట్టడం, తీగ తెగినా కాసేపు సొంతంగా నిలబడగలగడం ఒకే పనిలో రెండు భాగాలు. మొదటిది చేసి రెండోది తర్వాత చూద్దామనుకుంటే పని సగంలో ఉన్నట్టే.

ఆ రెండో భాగానికే మైక్రోగ్రిడ్ అని పేరు. ఇది అర్థం కావాలంటే మన డాబా మీద సోలార్ పలకల దగ్గర మొదలుపెడదాం. మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది, వీధిలో కరెంటు పోయింది. మీ ఇంట్లో?

"ఉంటుంది, సోలారుంది కదా!"

ఉండదమ్మా. మామూలుగా బిగించే సోలార్ ఇన్వర్టర్ వీధి కరెంటు అలను చూసి దాని వెంటే నడుస్తుంది. ఆ అల ఆగగానే ఇదీ ఆగిపోతుంది. కావాలనే అలా చేశారు. స్తంభం మీద లైన్‌మన్ తీగ పట్టుకుని పనిచేస్తున్నప్పుడు మన డాబా మీదనుంచి కరెంటు ఎదురెళ్ళి అతన్ని కొడితే ప్రాణం పోతుంది. కాబట్టి పలకలున్నంత మాత్రాన కరెంటు పోయిన వేళ దీపం వెలగదు. వెలగాలంటే ముందు బయటి తీగ నుంచి మనల్ని పూర్తిగా విడదీసే స్విచ్చుండాలి. ఆ తర్వాత, వెంట నడవడం కాకుండా తానే అలను పుట్టించి మిగతావాటిని నడిపించే ఇన్వర్టర్, దాని వెనక బ్యాటరీ ఉండాలి. ఉన్న కరెంటును దేనికివ్వాలో, దేనికి ఆపాలో క్షణక్షణం చూసుకునే కంప్యూటర్ ఒకటుండాలి. ఇవన్నీ కుదిరిన చిన్న గ్రిడ్డే మైక్రోగ్రిడ్. మామూలు రోజుల్లో పెద్ద గ్రిడ్డుతో కలిసి ఉంటుంది. ఆపద వస్తే తెగిపోయి తన బతుకు తాను బతుకుతుంది.

కలవడం, విడిపోవడం అంటే మనకు ఒక అనుభవం ఉంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతంలో గ్రిడ్డు కుప్పకూలింది. 31న తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పడిపోయి 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతం చీకటైంది. ఆ దెబ్బ మన దాకా రాలేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్డు వేరే అలతో నడిచేది. మిగతా దేశంతో దానికి డీసీ లింకులే ఉండేవి, వాటి మీదుగా ఒకరి ఒడిదుడుకులు ఇంకొకరికి నేరుగా పాకవు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో మనమూ ఒకే గ్రిడ్డులో కలిశాం. కలవడం వల్ల మనకు చాలా మేలు జరిగింది, మిగులున్న చోటు నుంచి లేని చోటుకు కరెంటు నడుస్తోంది. కానీ రేవు లాంటి ముఖ్యమైన చోట, అవసరమైతే విడిపోయే దారి కూడా ఉంచుకోవాలి.

అసలు పెద్ద గ్రిడ్డే లేని రేవు ఒకటుంది, దాని కథ మీకు తప్పకుండా చెప్పాలి.

అలాస్కా దక్షిణాన కోడియాక్ అని ఒక దీవి. పెద్ద గోధుమరంగు ఎలుగుబంట్లకు పేరు. చేపల వేటలో అమెరికాలో ముందు వరుసలో ఉండే రేవు. 1964 మార్చి 27న అలాస్కాలో 9.2 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు సునామీ ఈ ఊరి నడిభాగాన్ని ఊడ్చేసింది. ప్రధాన భూమి నుంచి ఈ దీవికి కరెంటు తీగ లేదు. పుట్టించుకున్నదే కరెంటు. ఊళ్ళో కరెంటిచ్చేది కంపెనీ కాదు, వాడుకునేవాళ్ళే సభ్యులుగా ఉన్న సహకార సంఘం, కోడియాక్ ఎలక్ట్రిక్ అసోసియేషన్. (మనకూ సిరిసిల్లలో ఇలాంటి విద్యుత్ సహకార సంఘం ఉంది. దాని కథ ఇంకో రోజు.)

వాళ్ళకు టెర్రర్ లేక్ అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాంతో పూర్తిగా సరిపోక డీజిల్ జనరేటర్లు నడిపేవాళ్ళు. ఓడల మీద తెచ్చుకునే డీజిల్, ధర ఎప్పుడెలా ఉంటుందో తెలియదు. 2009లో పిల్లర్ మౌంటెన్ అనే కొండ మీద 1.5 మెగావాట్ల గాలిమరలు మూడు పెట్టారు. 2012లో ఇంకో మూడు. గాలి బాగా వీచినప్పుడు చెరువులో నీళ్ళు దాచుకుంటారు, గాలి పడిపోతే నీళ్ళు వదులుతారు. అయితే గాలి ఉన్నట్టుండి పడిపోతుంది, నీటి టర్బైను వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ మధ్య ఖాళీని పూడ్చడానికి 3 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. ఇంకేముంది, 2014 నాటికి దీవి కరెంటులో 99 శాతానికి పైగా నీళ్ళూ గాలీ ఇచ్చినవే.

అప్పుడు వచ్చింది క్రేను సమస్య. రేవులో కంటెయినర్లు దించే డీజిల్ క్రేను తీసేసి పెద్ద కరెంటు క్రేను పెట్టాలనుకున్నారు. ఇందులో ఏం కష్టముందో లెక్క వేద్దాం, పలక పట్టుకోండి. 40 టన్నుల పెట్టెను 30 మీటర్ల ఎత్తుకు లేపాలంటే ఎంత శక్తి కావాలి? బరువు, భూమ్యాకర్షణ, ఎత్తు మూడూ గుణించండి. 40,000 ఇంటూ 9.8 ఇంటూ 30. దాదాపు ఒక కోటీ 18 లక్షల జౌళ్ళు. మన కరెంటు బిల్లు భాషలో మూడు యూనిట్ల పైచిలుకు. అంతే! నష్టాలన్నీ కలుపుకున్నా పెద్ద ఖర్చు కాదు.

కానీ ఆ మూడు యూనిట్లూ గంటలో కాదు, అర నిమిషంలో కావాలి. అంటే ఆ అర నిమిషం 400 కిలోవాట్లు. పెట్టె లేచి, క్రేను చెయ్యి ఒడ్డు వైపు జరిగి, పెట్టె దిగుతున్నప్పుడు మోటారే జనరేటరై కరెంటును వెనక్కి తోస్తుంది. మళ్ళీ ఇంకో పెట్టె. రోజంతా ఇలా లాగడం, తోయడం. మన దేశపు గ్రిడ్డులో ఇది తెలియనే తెలియదు. కోడియాక్ లాంటి చిన్న గ్రిడ్డులో అయితే క్రేను లేపినప్పుడల్లా ఊరంతా ఫ్రీక్వెన్సీ ఊగుతుంది. పుట్టే కరెంటూ వాడే కరెంటూ ప్రతి క్షణం సమానంగా ఉండాలి. వాడకం ఎక్కువైతే తిరిగే యంత్రాలన్నీ కొంచెం నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ పడుతుంది. దాన్ని బ్యాటరీతో సరిచేయొచ్చు, కానీ రోజుకు వందలసార్లు నింపుతూ తీస్తూ ఉంటే బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది.

వాళ్ళు ఏం చేశారో తెలుసా? 2015లో ఒక్కొక్కటి ఒక మెగావాటుకు పనికొచ్చే ఫ్లైవీల్స్ రెండు తెచ్చారు. టన్నుల బరువున్న ఉక్కు చక్రం, రాపిడి తక్కువగా ఉండేట్టు మూసిన పెట్టెలో గిరగిరా తిరుగుతుంటుంది. కుమ్మరి సారె చూశారు కదా? కర్రతో ఒకసారి జోరుగా తిప్పి వదిలేస్తే, కుండ లేచేదాకా అదే తిరుగుతుంది. మట్టి మీద చెయ్యి నొక్కినప్పుడు సారె కొంచెం వేగం వదులుకుని ఆ బలాన్ని చేతికిస్తుంది. ఇదీ అంతే. క్రేను లాగినప్పుడు చక్రం కొంచెం నెమ్మదించి కరెంటిస్తుంది, క్రేను పెట్టెను దించినప్పుడు వచ్చే కరెంటును మింగి మళ్ళీ వేగం పుంజుకుంటుంది. ఎన్ని వేలసార్లు చేసినా బ్యాటరీ అరిగినట్టు అరగదు. అది దాచేది కొద్ది యూనిట్లే. కానీ క్రేనుకు కావలసింది కొద్ది యూనిట్లే కదా! చెరువు నెలల తరబడి దాస్తుంది, బ్యాటరీ నిమిషాలు మోస్తుంది, చక్రం సెకన్లు మోస్తుంది. ఏ పనికి ఏది సరిపోతుందో తెలిసి పెట్టడంలోనే ఉంది ఇంజనీరు తెలివంతా. నాకీ కథ ఎంత చెప్పినా తనివి తీరదు.

నార్వేలో ఇంకో చిన్న ఉదాహరణ. 2015లో ఆంపియర్ అనే ఫెర్రీ మొదలైంది. కార్లను మోసే పూర్తి బ్యాటరీ ఫెర్రీల్లో ప్రపంచానికి అదే మొదటిది. ఇరవై నిమిషాలు నీటి దారి దాటి, అవతల రేవులో పది నిమిషాలే ఆగుతుంది. ఆ పది నిమిషాల్లో ఛార్జి చేసేంత కరెంటు ఆ పల్లె తీగల్లో లేదు. అందుకని రేవు ఒడ్డునే బ్యాటరీలు పెట్టారు. ఫెర్రీ లేనప్పుడు అవి నెమ్మదిగా నిండుతాయి, రాగానే ఒక్క ఊపున దానికిచ్చేస్తాయి. కొత్త లైను వేయకుండానే పని జరిగిపోయింది.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. విశాఖ రేవుకు 1933లో మొదటి ఓడ వచ్చింది. ఇవాళ అక్కడ 10 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది. పది అనగానే చాలా అనిపిస్తుంది. లెక్క చూడండి. మన ఎండకు ఒక కిలోవాటు పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్లిస్తాయి. 10 మెగావాట్లకు 40,000 యూనిట్లు. బెర్తులో ఒకటిన్నర మెగావాటు లాగే ఓడ ఒకటి ఒక రోజుకు వాడేది 36,000 యూనిట్లు. అంటే నలభై యాభై ఎకరాల పలకలు ఇచ్చేదంతా రోజుకు ఒక్క ఓడకు సరిపోతుంది. నిరుత్సాహపడమని చెప్పడం లేదు. రేవు స్థలంలోనే అంతా పుట్టించుకోవడం కుదరదని చెబుతున్నాను. ఓడలకు ఇచ్చే పెద్ద మోతాదు బయటి గాలిమరల నుంచి, సోలార్ పార్కుల నుంచి గ్రిడ్డు మీదుగా రావాల్సిందే. రేవులో పుట్టేది, దాచేది ఆపద రోజుకు.

ఆపద రోజు ఎలా ఉంటుందో 2014 అక్టోబరు 12న విశాఖ చూసింది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. స్తంభాలు వంగిపోయాయి, టవర్లు కూలాయి, చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బయటి నుంచి సాయం రావడానికి రేవు కూడా ఒక ముఖ్యమైన దారి. రేవులో అన్నీ నడవనక్కర్లేదు. ఓడలను పిలిచే రేడియో, ఓడలకు దారి చూపే ఛానెల్ దీపాలు, నీళ్ళు తోడే పంపులు, అగ్నిమాపక పంపులు, చల్లటి కంటెయినర్లు, ఒకటి రెండు క్రేన్లు చాలు. ఉదాహరణకు ఇవన్నీ కలిపి 500 కిలోవాట్లు అనుకోండి. రోజుకు 12,000 యూనిట్లు. ఆ లెక్క చేతికందేదే. తుఫాను మబ్బుల్లో సోలార్ నామమాత్రం కనుక బ్యాటరీ ముందే నిండి ఉండాలి, చివరి ఆసరాగా ఒక జనరేటరూ ఉండాలి. జనరేటరును పూర్తిగా తీసిపారేయమని నేను చెప్పను, మన తీరంలో అది తెలివైన పని కాదు.

కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ రేవు సరిగ్గా ఈ దారినే పట్టింది. కాలిఫోర్నియా ఎనర్జీ కమిషన్ ఇచ్చిన 50 లక్షల డాలర్ల సాయంతో, భద్రతా కేంద్రం దగ్గర సోలార్ పందిరి, బ్యాటరీలతో మైక్రోగ్రిడ్ తలపెట్టింది. అందులో ఒక బ్యాటరీ అవసరమైన చోటికి బండి మీద తీసుకెళ్ళగలిగేది. వాన నీళ్ళు తోడే పంపు ఆగితే అక్కడికే వెళుతుంది. మొత్తం రేవుకు కాదు, ఆగకూడని వాటికి ముందు. నాకు ఈ వరుస నచ్చింది.

ఇంకొక్కటి. బ్యాటరీ ఎక్కడ పెట్టామన్నది ఎంత బ్యాటరీ పెట్టామన్నదానికంటే తక్కువేమీ కాదు. 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను ఉప్పెన న్యూయార్క్, న్యూజెర్సీ రేవులోకి వచ్చింది. ఉప్పునీళ్ళు మోటార్లలోకీ కరెంటు పరికరాల్లోకీ చేరి, దాదాపు వారం పాటు రేవు పని స్తంభించింది. మంచినీళ్ళయితే ఆరబెట్టుకోవచ్చు, ఉప్పునీళ్ళు తగిలిన రాగి తీగ చిలుము పట్టకుండా ఉండదు. మన తూర్పు తీరంలో ఉప్పెన కొత్త కాదు. దివిసీమ 1977 నవంబరు ఉప్పెనను మరిచిపోలేదు. సబ్‌స్టేషను, కన్వర్టరు, బ్యాటరీ అన్నీ ఉప్పెన ఎత్తుకంటే పైన దిమ్మెల మీద ఉండాలి. కట్టిన తర్వాత ఎత్తడం కుదరదు కనుక, ఈ మాట నక్షా గీసే రోజునే గట్టిగా చెప్పాలి.

కేంద్రం 2023లో హరిత్ సాగర్ పేరుతో రేవులకు మార్గదర్శకాలు తెచ్చింది. ఒడ్డు కరెంటు, సోలారు, గాలి అన్నీ అందులో ఉన్నాయి. విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం, రేపు మచిలీపట్నం, ఇంత పొడవు తీరం మనది. కొత్తగా కట్టేవాళ్ళకు ఒక అదృష్టం ఉంది, పాత తీగలు పీకే పని లేదు.

పెద్దాడా, నువ్వూ నీ స్నేహితులూ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుక్కుంటున్నారు కదా. ఏదో ఒక రేవును తీసుకోండి. అక్కడికొచ్చే ఓడలు ఎంతెంత కరెంటు వాడతాయో, తీగ తెగిన రోజున ఏవేవి ఆగకూడదో, వాటికి ఎన్ని యూనిట్లు దాచాలో లెక్క కట్టండి. రేవు ఊళ్ళలో ఉండే పెద్దలకు కూడా నాదొక మనవి. "మా రేవులో ఓడలకు కరెంటు ఇస్తున్నాం" అన్న వార్త పేపర్లో చూసినప్పుడు సంతోషించండి, ఆ వెంటనే రెండు సంగతులు అడగండి: వచ్చిన ఓడల్లో ఎన్ని తగిలించుకున్నాయి? బయటి కరెంటు పోతే రేవు ఎన్ని గంటలు నిలబడుతుంది?